పడుగూ పేకా

వార్డులోకి వచ్చే ముందు
పుస్తకం మూసి సంచిలో పెట్టండి.
పాలమూరు పెద్దాసుపత్రి ఇది.
"కడుపుల గుడగుడ" అంటే ఒకటి,
"కడుపుల మంట లేస్తుంది" అంటే ఇంకొకటి.
"పేగులు మెలివెడుతున్నయ్" అన్న మనిషి చెయ్యి
పొట్ట మీద ఎక్కడ ఆగిందో చూడకుండా
కాగితం మీద కలం పెట్టకండి.

నేను రాజోలిలో మగ్గం గుంట పక్కన పెరిగినదాన్ని.
మా నాయిన నాకు నేర్పింది రెండే మాటలు:
నిలువున పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక.
చాన్నాళ్లకు, పోస్టుమార్టం బల్ల మీద
చిన్నపేగు చివరి మూరెడు చీల్చి పరిచినప్పుడు
ఆ రెండు మాటలే అక్కరకొచ్చాయి.

టైఫాయిడు పుండు పడుగు.
పేగు పొడుగు వెంట కోలగా సాగుతుంది.
మూడోవారంలో ఎక్కడో పోగు తెగి చిల్లు పడుతుంది.
ఒళ్లు చల్లబడిందని ఇంటివాళ్లు
అంబలి కాస్తున్న పూటే ఒక్కోసారి.
జ్వరం దిగినా నాడి ఎందుకు ఉరుకుతోందో
అడగాల్సింది మీరే.

క్షయ పుండు పేక.
అడ్డం తిరిగి మొలతాడులా చుట్టుకుంటుంది,
మానుతూ మానుతూ బిగుస్తుంది.
మానడమే రోగమయ్యే తావు అది.

అమీబా పుండుకు మూతి సన్నం, లోపల వెడల్పు,
గౌండ్ల ఈదన్న నడుముకు వేలాడే లొట్టి తీరు.
దాని విరేచనం నాలుగైదుసార్లే, కంపు జాస్తి, జ్వరం తక్కువ.
అదే రోజుకు ఇరవైసార్లు ఉరికి
చెంచాడు నెత్తురూ జిగురూ పోయి
ఒళ్లు పెనంలా కాలుతుంటే, అది వేరే జీవి పని.
ఇక నొప్పే లేకుండా కడిగిన బియ్యపు నీళ్లు ధార కడితే
పేరు తర్వాత పెట్టండి.
ముందు సెలైను.

అపెండిక్సు నొప్పి మన జిల్లా కూలిలాంటిది.
పుట్టింది బొడ్డు దగ్గర,
బతకపోయింది కుడిపక్కకు, కిందికి.
నవ్వండి, ఫర్వాలేదు.
పరీక్షలో మరిచిపోరు.

పద్నాలుగో బెడ్డు దగ్గర మాత్రం నవ్వొద్దు.
కావలి అంజిలప్ప, కోయిలకొండ.
పూణేలో సెంట్రింగు పని, పదకొండు కిలోలు తగ్గాడు.
పొట్టలో ఉండ లేస్తుంది, గుర్రుమని జారి పోతుంది.
కేసుషీటులో మీలో ఎవరో క్రోన్సు అని రాశారు.
రాయొచ్చు. అది కూడా బట్ట చింపుతుంది,
మధ్యమధ్య మంచి గుడ్డ వదిలి.
కింది కొసన మొదలై
నూలుపోగంత జాగా వదలకుండా పైకి పాకేది
అల్సరేటివ్ కొలైటిస్, దాన్ని ఇట్టే పట్టొచ్చు.
క్రోన్సూ క్షయా అలా కాదు.
ఒకే మగ్గం మీద నేసిన రెండు చీరలు.
ముక్క తీసి పరీక్షకు పంపినా
ఒక్కోసారి ఏ సంగతీ చెప్పవు.

దేవరకద్ర సవారమ్మకు నేనూ క్రోన్సే రాశాను.
అప్పటికి నాకు కొత్త డిగ్రీ, గట్టి గొంతు.
స్టెరాయిడ్లు మొదలుపెట్టగానే
వారం పాటు ఆమెకు ఆకలి వేసింది.
"నీ చేతిల సల్వ ఉందమ్మా" అని రెండు జొన్నరొట్టెలు తిన్నది.
ఆరో వారానికి రెండు ఊపిరితిత్తుల నిండా
చల్లిన కొర్రగింజల్లా క్షయ.
తర్వాత చెప్పను.

ఆమె కొడుకు ఆసుపత్రి గేటు దగ్గర
సీతాఫలాలు అమ్ముతాడు.
నన్ను చూస్తే కన్ను విచ్చినవి ఏరి ఇస్తాడు,
పైసలు తీసుకోడు.
వాడికి తెలియదు.
ఆ పండ్లు నర్సమ్మలకు ఇచ్చేస్తాను.

పదండి. అంజిలప్ప మేలుకునే ఉన్నాడు.
స్కాను అడిగేలోపు ఇది అడగండి:
నొప్పి నిన్ను నిద్రలోంచి లేపుతుందా?
లేపితే అది మనసు చేసే మాయ కాదు, వెతకాలి.
ఇంట్లో ఎవరికన్నా దగ్గు ఉందా అనండి,
పూణేలో ఒక్క గదిలో ఎంతమంది పండేవారో అనండి.
అతను ఆలోచిస్తాడు, వేళ్లు మడుస్తాడు.
లెక్క పూర్తయ్యేదాకా
మీరు నోరు తెరవకండి.